ఒకే దోమల్లో దొరికినవి

పాలగ్లాసు కడిగి బోర్లించి, పాప నుదుటి మీద మరోసారి చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఆ దోమల కొంప నుంచి ఏం మోసుకొచ్చావో!" అంది అత్తగారు. "సీసాలు కడగడానికి అంత దూరం పోవాలా? ఆ కడిగేదేదో ఇక్కడ లేదూ?"

భర్త పేపరు వెనకనుంచి నవ్వాడు. జవాబు చెబితే బస్సు తప్పుతుంది.

దోమల్లోని వైరస్‌లను పరీక్షించే ఆ ల్యాబులో సీసాలు కడగడానికే చేరిందన్నది నిజమే. పరీక్షలు చేసే అమ్మాయి మానేశాక ఆ పనీ ఈమె నెత్తినే పడింది; హోదా మాత్రం సీసాల దగ్గరే ఆగిపోయింది. పదో తరగతి పూర్తికాకుండానే ఇంట్లోవాళ్లు బడి మాన్పించిన మనిషికి ఇప్పుడు వైరస్‌ల చుట్టరికాలు తెలుసు. పరీక్ష ప్లేటు నిండా చిన్న చిన్న గుంటలు; ఒక్కో గుంటలో ఒక సీరం, అంటే ఏదో ఒక వైరస్ సోకిన జంతువు రక్తంలోంచి తీసిన తేట, ఒక వైరస్, ఆ పైన పెద్దబాతు రక్తకణాలు. సీరం ఆ వైరస్‌ను గుర్తుపడితే కణాలు అడుగున గుండీలా కూర్చుంటాయి. లేదంటే చాపలా పరుచుకుంటాయి. ఏ సీరం దేన్ని గుర్తుపట్టిందో గళ్ల కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే, ఏది ఏ గుంపుదో తేలుతుంది.

కొత్తగా దొరికిన వైరస్‌ను ల్యాబు సారు ముందే మొదటి గుంపులో రాసేశారు. "ఇదీ ఆ గుంపువీ ఒకే దోమల్లో దొరికాయమ్మా, ఒకే ఇంటివి." కానీ మొదటి గుంపు సీరాలన్నిటిలోనూ చాపలే. గుండీలు కనిపించింది రెండో గుంపులో. ఒకే కప్పు కింద ఉన్నంతమాత్రాన అయినవాళ్లయిపోరని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వరసలు తారుమారు చేసుంటావు," అన్నారు సారు కాగితం చూసి. "పిల్లకి జ్వరమంటివి, మనసెక్కడుందో పాపం. దిద్దేసి ఇంటికెళ్లు. రిపోర్టు రేపే పంపాలి."

మాట మెత్తగానే ఉంది. మెత్తగా ఉన్నందుకే కలం చేతిలోకి తీసుకుంది. నిజంగానే తారుమారైందేమో? పాపకు మందు వేశానా లేదా అని బస్సులో మూడుసార్లు తడుముకున్న బుర్రే కదా ఇది! మళ్లీ ప్లేటు మీదికి వంగింది. అవే వరసల్లో, ఏ గుంపువో ముందే తెలిసిన పాత వైరస్‌ల గుంటలు వేటికవి సరిగ్గానే ఉన్నాయి. వరసలు మారితే అవీ మారాలిగా?

కలానికి మూత పెట్టేసింది. "మళ్లీ చేస్తాను సార్. ఈసారి పక్కన కూర్చుని మీరే చూడండి."

సారు గడియారం వంక చూశారు, ఆమె వంక చూశారు, కుర్చీ లాక్కున్నారు.

వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. "ఆరింటికి పాపకు మందు మీరే వెయ్యండి. అరచెంచా. నాకు ఆలస్యమవుతుంది, పరీక్ష మళ్లీ చెయ్యాలి."

"ఏం తప్పు చేశావే?"

"ఏం చెయ్యలేదు. అందుకే ఉండిపోతున్నా."