మబ్బు పట్టిన సోమవారం

సత్యకుమారి మేడానికి నీళ్ళ పిచ్చి అని కాలేజీలో పేరు. రాజమండ్రిలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే పీడీ ఆవిడ. పాటియాలా క్రీడా సంస్థలో వేసవి కోర్సు చేసొచ్చిన దగ్గర్నించీ, బరువులెత్తే పిల్ల ఏం తినాలి, ఎంత తాగాలి, కండ పట్టేస్తే ఏం చెయ్యాలి అన్నవి రోజూ వల్లె వేయించేది. మోకాలు వాస్తే చేపల బజారు నుంచి ఐసుముక్కలు తెప్పించి, గుడ్డలో చుట్టి తనే అదిమి కూర్చునేది. అంత తెలిసిన మనిషి. తెలియక జరిగిందని సర్దుకునే వెసులుబాటు కూడా ఆవిడకి లేదు.

లక్ష్మీదుర్గ ఆవిడకి అయాచితంగా దొరికిన పిల్ల. అంతర్వేది అవతల సముద్రం ఒడ్డున పల్లెపాలెం. చిన్నప్పట్నించీ పెద్దవాళ్ళతో కలిసి ఒడ్డున వల లాగి లాగి భుజాలూ నడుమూ గట్టిపడ్డాయి. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. తల్లి మరిడమ్మ చేపల తట్ట నెత్తినెత్తుకుని ఊళ్ళమ్మట తిరిగి చదివిస్తోంది. ఈ ఏడు యూనివర్సిటీ జట్టులో పేరు పడితే రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం గ్యారంటీ అని సత్యకుమారి మరిడమ్మకి చెప్పింది. గ్యారంటీ ఇవ్వడానికి రైల్వే ఏమైనా ఆవిడ పుట్టిల్లా? అయినా చెప్పింది, మరిడమ్మ నమ్మింది.

చిక్కల్లా పోటీలు కార్తీకమాసంలో వచ్చిపడటం. చేపలమ్ముకుని బతికే ఇల్లే అయినా ఆ నెలంతా మరిడమ్మ పొయ్యి మీదికి నీచు ఎక్కదు. పైగా కూతురికి ఉద్యోగం రావాలని శివుడికి మొక్కి, కూతురి చేత కూడా సోమవారాలు పట్టించింది. హాస్టల్లో దుర్గ చేప మానేసింది, గుడ్డు మానేసింది. సోమవారం పొద్దున్నించి ఆకాశంలో చుక్క కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఇంకెందుకైనా ఇలా చేస్తే సత్యకుమారి చెవి మెలేసి తాగించేది. కానీ తనూ సోమవారాలు ఉంటోంది. శివుడికీ పాటియాలాకీ ఎక్కడ తగువు పెట్టుకుంటాంలే అని ఊరుకుంది.

పోటీ మంగళవారం పొద్దున, కాకినాడలో. ఆదివారం సాయంత్రం అక్కడ కాటా ఎక్కిస్తే దుర్గ యాభై మూడు కేజీల విభాగానికి కిలో పైనే ఎక్కువ తూగింది.

"పై విభాగంలో ఎత్తుతానండి" అంది దుర్గ.

"అక్కడ గట్టి పిల్లలున్నారు, నీకు పేరు పడదు. రేపెలాగూ ఉపవాసమేగా, అదే దిగుతుంది" అంది సత్యకుమారి. పుణ్యమూ బరువూ ఒక్కరోజులో కలిసొచ్చాయని లోపల సంబరపడింది కూడా.

సోమవారం మధ్యాహ్నం దుర్గ ఒంటికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, పైన స్వెట్టరు తొడిగి గ్రౌండు చుట్టూ పరిగెత్తించింది. బంగాళాఖాతంలో వాయుగుండమట, ఆకాశం ముసురు పట్టి ఉంది. ఉక్కపోతకి పిల్ల చెమటలో నానిపోయింది.

సాయంత్రం దుర్గ వరండాలోంచి తల పైకెత్తి చాలాసేపు చూసింది. "చుక్క కనబడట్లేదండి."

మబ్బు పట్టిన రోజు దీపాలవేళ దాటాక తినెయ్యొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆ సంగతి సత్యకుమారికి తెలుసు. అప్పటికే సందు చివర హోటల్లో ఇడ్లీ తిని, కడుపునిండా నీళ్ళు తాగి వచ్చింది. కానీ కాటా మీద దుర్గ ఇంకా కాస్త ఎక్కువే ఉంది.

"అమ్మ ఎలా చెప్పిందో అలా చెయ్యి" అంది.

"చుక్క చూశాకే అందండి."

"అయితే అలాగే కానీ."

ఆ రాత్రి మబ్బు విడలేదు. పొద్దున్న కాటా ముల్లు సరిగ్గా గీత మీద నిలబడింది. బరువు చూడటం అయిపోగానే సత్యకుమారి గ్లూకోజు నీళ్ళు పట్టించింది. పిల్ల తాగింది తాగినట్టే కక్కేసింది. కాళ్ళు పట్టేస్తున్నాయంది. కాసేపటికి బాత్రూం నుంచి గోడ పట్టుకుని వచ్చింది.

"మేడం, డికాషన్ లాగా వస్తోందండి" అని సిగ్గుపడుతూ చెవిలో చెప్పింది.

మూత్రం ఆ రంగులో వస్తే ఏమిటో సత్యకుమారే పిల్లలకి పాఠం చెప్పింది. అప్పుడైనా ఆపాల్సింది. బయట మైకులో దుర్గ పేరు పిలిచారు.

"ఒక్కటి ఎత్తు తల్లీ. ఎత్తాక ఆస్పత్రికి తీసుకెళ్తా" అంది.

ఎత్తింది. మేడం చెప్పాక ఎత్తకుండా ఉండే పిల్ల కాదు. చేతులు వణుకుతున్నా బరువుల బారు నెత్తి మీద నిలబెట్టింది, జనం చప్పట్లు కొట్టారు. బారు కింద పడేసి, దాని పక్కనే తనూ కూలబడింది. యూనివర్సిటీ జట్టులో పేరు పడింది.

ఒంట్లో నీళ్ళు లేక కండలు చితికిపోయాయనీ, ఆ విషం కిడ్నీలకి ఎక్కిందనీ డాక్టరు చెప్పాడు. ఇంత దాహంతో ఎవరు ఎత్తనిచ్చారని కసిరాడు. గురువారం దుర్గ పోయింది.

ఆస్పత్రి వరండాలో మరిడమ్మ ఏడవట్లేదు. ఏదో తేలక అలా కూర్చుంది. సత్యకుమారి కనబడగానే కొంగు సర్దుకుని లేచింది.

"అమ్మగారూ, ఒక్క మాట అడుగుతానండి. దాహానికి ఆగలేక నా పిల్ల మొక్కు గానీ చెడగొట్టిందాండి? అందుకేనా ఇలా అయింది?"

"లేదు మరిడమ్మా. సోమవారమంతా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టలేదు."

మరిడమ్మ మొహం ఒక్క క్షణం తేటపడింది. "నాకు తెలుసండి. మాట తప్పే పిల్ల కాదండి అది." అంతలోనే మళ్ళీ తల ఎత్తింది. "మరి దాని తప్పు లేకపోతే ఎవరి తప్పండి? మీరు చదువుకున్నోరు, మీరు చెప్పండి."

దెప్పడానికి అడగలేదు. నిజంగానే తెలియక, చెబుతారని అడిగింది. సత్యకుమారి ఆవిడ భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"మన చేతుల్లో ఏముందమ్మా, దేవుడు రాసిపెట్టినంతే" అంది.

మరిడమ్మ తలూపింది. మేడంగారు చెప్పిన ఏ మాటనీ ఆవిడ ఇన్నాళ్ళూ కాదనలేదు. ఇదీ కాదనలేదు.