నక్షా మీద వాన

ఓంప్రకాశ్ పొద్దున దుకాణం షట్టర్ ఎత్తగానే చీపురు పట్టడు. ముందు గోడల మీది మ్యాపులన్నిటినీ అరచేత్తో ఒకసారి తడిమి చూస్తాడు. ఎక్కడ వాన పడితే మ్యాపులో ఆ చోటు తడుస్తుంది కాబట్టి, తడిసినవాటిని దించి ఫ్యాను కింద ఆరేయాలి. హన్మకొండ సుబేదారిలో ఆ దుకాణం పెట్టింది వాళ్ల నాయన. ఆయన నాటి నుంచీ అంతే.

కోస్తా జిల్లాల మ్యాపు కింద ఏడాది పొడుగునా ఒక ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. తుఫాను రోజుల్లో దాన్ని పూటకోసారి పారబోయాలి. రాజస్థాన్‌తో ఆ బాధ లేదు గనుక జిరాక్స్ కాగితాల కట్టలన్నీ దాని కింద పేర్చుకున్నాడు. ప్రపంచ పటం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట చెమ్మగానే ఉంటుంది. బడుల కోసం కొనడానికి వచ్చే టీచర్లు దాన్ని చుట్టేముందు రుమాలుతో ఒత్తుకుంటారు.

మడికొండలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఇంటి ప్లాను తెచ్చి ఒకటి రెండు వానలదాకా ఇక్కడ ఉంచిపోతారు. వంటింటి మూల మరక తేలితే స్లాబు కారుతున్నట్టే.

"నువ్వు నక్షాలు అమ్ముతానవా, మా మీద చాడీలు చెప్తానవా సేటు?" అని మేస్త్రీలు తిట్టిపోతుంటారు. ఓంప్రకాశ్ నవ్వి వాళ్లకు చాయ్ తెప్పిస్తాడు.

జూన్ నెలలో ఒక సోమవారం, ఎండ ఇంకా మండుతుండగా, ఎర్రకుంటపల్లి నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. అది స్టేషన్ ఘన్‌పూర్ అవతలి ఊరు. తల్లి పేరు బక్కమ్మ, డెబ్బై నాలుగేళ్లు. కొడుకు సారయ్యకు యాభై దాటాయి.

"మా ఊరి పాత నక్షా ఉన్నదా సేటు? బట్టకు అతికిచ్చినది," అన్నాడు సారయ్య. "ఆఫీసుల ఉన్నది చినిగిపోయిందట."

"ఉండాలె. మా బాపు అతికిచ్చిన ప్రతి ఊరిది ఒక కాపీ దాచిండు. ఏం పని వడ్డది?"

సారయ్య తన ఫోను తీసి చూపించాడు. అందులో వాళ్ల ఊరి మీద వేలు పెట్టి సాగదీస్తే రోడ్డు పక్క ధాబా వచ్చింది, పెట్రోలు బంకు వచ్చింది, టైర్ల పంక్చరు దుకాణం కూడా వచ్చింది. వాటి వెనక అంతా ఉత్త ఆకుపచ్చ.

"పంక్చరోనికి జాగున్నది గని మా చెల్కకు లేదు," అన్నాడు సారయ్య.

"అది బండి నడిపేటోళ్ల నక్షా. వాళ్లకు పంక్చరే కావాలె," అన్నాడు ఓంప్రకాశ్. "గీ రైల్వేది చూడు, దీంట్ల కాజీపేట ఎంతున్నదో ఢిల్లీ అంతే ఉన్నది. ఎవని అవసరం వానిది."

సంగతి ఏమిటంటే, వాళ్లకు ఊరి బయట రెండెకరాల చెల్క, అంటే మెట్ట చేను, ఉంది. దానికి పోయే బండ్లబాట ఒకప్పుడు పక్క భూమి మీదుగా ఉండేది. సారయ్యకు ఊహ తెలిసేసరికే అది గడ్డిలో కలిసిపోయింది, ట్రాక్టరు ఆ బీడులో ఎటు వీలైతే అటు పోయేది. ఆ భూమిని ఈమధ్య హన్మకొండ ఆయన ఒకాయన కొని, డోజరు పెట్టి చదును చేయించి, చుట్టూ రాతి కడీలు పాతి తీగ లాగించాడు. ఇక్కడ బాటే లేదంటాడు. ట్రాక్టరు పోయే దారి లేకపోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే చెల్కను ఆయనకే అమ్ముకోవాలి. రేపు సర్వేయరు రిపోర్టు రాస్తాడు. బాట లేదని రాస్తే ఎల్లుండి సంతకాలకు వస్తానని సారయ్య ఒప్పుకున్నాడు కూడా.

బాట చూసినవాళ్లలో మిగిలింది బక్కమ్మ ఒక్కతే. పోయిన గురువారం సర్వేయరు ఊరికి వచ్చినప్పుడు ఆమెను కారులో తీసుకుపోయి అడిగారు. "బాయికి ఎడమ చేతి పక్క," అని ఆమె గట్టిగా చెప్పింది. ఆ భూమిలో పూడ్చేసిన పాత బావికి ఎడమ పక్కకు అందరూ పోయి చూస్తే, అక్కడ మోకాలెత్తు పరుపుబండ. హన్మకొండ ఆయన పగలబడి నవ్వాడు. "బండ మీద బండి నడిపిందట ముసలమ్మ!"

ఆ రోజు నుంచి ఇంట్లో బక్కమ్మను ఎవరూ ఏమీ అడగడం లేదు. నిజానికి ఆమె కొంతకాలంగా మరుస్తున్నది. పొయ్యి మీద అన్నం మాడ్చింది. మనవరాలిని చెల్లెలి పేరుతో పిలిచింది. యాదికి ఉండాలని కొంగుకు ముడి వేసుకుని, ఆ ముడి ఎందుకో మరిచిపోయి, ఎవరూ చూడకుండా విప్పేసింది. ఎవరైనా అడిగితే నోటికి వచ్చిన పేరేదో చెప్పి దాటవేయడం అలవాటు చేసుకుంది. కానీ బాట మాట వేరు. తన మొగుడు పోశయ్య బండి తోలుతుంటే, చంకలో సారయ్యతో ఆ బాట వెంట ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. ఇప్పుడు నాలుగు రాత్రుల నుంచి ఆమెకు నిద్ర లేదు. ఆ బాటే లేకపోతే, ఆ బండి ఎక్కడ నడిచింది? ఆ పోశయ్య, ఆ చంటిపిల్లవాడు, వాళ్లు నిజమేనా?

ఓంప్రకాశ్ అటక మీద నుంచి నక్షా దించి బల్ల మీద పరిచాడు. గోధుమరంగు బట్ట, దాని మీద అతికిన కాగితం. ఇళ్లు, కుంట, వాగు, ప్రతి చెల్కకూ నంబరు. బండ్లబాటలకు జంట చుక్కల గీతలు. సారయ్య వేలు వాళ్ల నంబరు దగ్గరికి పోయి ఆగింది. సరిగ్గా అక్కడే నక్షా మడత. ఏళ్లతరబడి మడిచి ఉంచడంతో కాగితం పొట్టులా రాలిపోయి, కింద ఉత్త బట్ట కనబడుతున్నది.

"అయిపాయె," అన్నాడు సారయ్య. "లే అవ్వా, పోదాం."

"జరసేపు కూసుంట బిడ్డా. కాళ్లు గుంజుతానయి."

"కూసుంటే బాట మొలుస్తదా?"

"పెద్దమ్మను కూసోనియ్యి, చాయ్ వస్తాంది," అన్నాడు ఓంప్రకాశ్.

చాయ్ వచ్చేలోగా కుంట దగ్గర ఒక చుక్క పడింది. తర్వాత వాగు మీద రెండు. చూస్తుండగానే నక్షా అంతా ముదురు రంగుకు తిరిగింది. సుబేదారి రోడ్డు మీద మాత్రం ఎండకు తారు మెరుస్తున్నది. అంతలో సారయ్య భార్య ఫోను చేసింది. "వాన దంచి కొడ్తాంది. కట్టెలు తడుస్తయేమో, ఎక్కడ పెట్టిన్రు?"

అరగంట తర్వాత అక్కడ వాన వెలిసింది. ఓంప్రకాశ్ ఫ్యాను పెంచాడు. మొదట ఇళ్ల కప్పులు ఆరాయి, తర్వాత చెల్కలు నీళ్లు తాగేసి తెల్లబడ్డాయి. కుంట మాత్రం తడిగా మిగిలింది, వాగు మిగిలింది. వాళ్ల నంబరు పక్కన, రాలిపోయిన మడత మీద, వెంట్రుకంత సన్నంగా రెండు తడి గీతలు మిగిలాయి. నక్షా కొలతలో బండి చక్రాల మధ్య ఎంత ఎడం ఉంటుందో అంత ఎడంతో అవి ఊరి దిక్కు నుంచి వచ్చి, బావి పక్కగా మలుపు తిరిగి, చెల్క దగ్గర ఆగాయి. చక్రాలు అన్నేళ్లు తొక్కిన నేల పైపైన చదును చేస్తే పోతుందా? లోపల గట్టిపడి ఉంటుంది, నీళ్లు దిగవు.

బక్కమ్మ ఆ గీతలను చూసింది. చాయ్ గ్లాసు కింద పెట్టింది.

ఓంప్రకాశ్ అప్పటికే ఫోనులో అరుస్తున్నాడు. "సార్, జల్ది రండ్రి! ఆరిపోతది!"

సర్వేయరు రాజేశ్వర్ రావు ఆఫీసు ఆ రోడ్డు చివరే. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు. ఊరందరి ముందు "నేను మాటలు కొలవ, నక్షా కొలుస్త" అన్న మనిషి ఆయన. చెయ్యి కడిగి, తుడుచుకుని, భూతద్దం పెట్టి వంగాడు. మడతకు అటు రెండు చుక్కలు, ఇటు మూడు చుక్కలు అచ్చులోవే మిగిలి ఉన్నాయి. ఇందాక సారయ్య, ఓంప్రకాశ్ వాటిని పురుగు మరకలనుకున్నారు. తడి గీతలు సరిగ్గా వాటిని కలుపుతున్నాయి. స్కేలు ఆనించి పెన్సిలుతో వాటి వెంట గీత గీశాడు. ఆయన రెండో గీత ముగించేసరికి మొదటి తడి ఆరిపోయింది.

"ఉన్నది," అన్నాడు. "రేపు ఇదే రాస్త. ఆయన కడీలు పీకాల్సిందే."

సారయ్య రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

రాజేశ్వర్ రావు ఇంకా నక్షానే చూస్తున్నాడు. "పెద్దమ్మా, ఆ రోజు మిమ్ముల కార్ల ఏ దిక్కు నుంచి తీస్కపోయిన్రు?"

"రోడ్డు దిక్కు నుంచి సారూ."

"బండి మీద పోయినప్పుడు?"

"ఊరి దిక్కు నుంచి. రోడ్డు అప్పుడు ఎక్కడిది?"

ఆయన వేలును ఊరి నుంచి బావి దాకా నడిపించాడు. బాట బావికి ఎడమ పక్కనే ఉంది. "ఇటు నుంచి వస్తే ఎడమే. మేమే అటు నుంచి వచ్చి మీ ఎడమ చేతిని కుడి జేసినం. మీరు సరిగ్గనే చెప్పిన్రు."

బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో కాసేపు ఎవరికీ తెలియలేదు. తర్వాత కొంగు తీసి, "సల్లారింది, ఇంకో చాయ్ జెప్పు సేటు," అన్నది.

సాయంత్రం బస్సులో తల్లికి కిటికీ పక్క సీటు దొరికింది. కాజీపేట దాటాక సారయ్య ఆమె వైపు తిరిగాడు. నెమ్మదిగా అడిగాడు.

"అవ్వా, ఆ బాట మన చెల్క కాడనే ఆగుతుండెనా, ఇంకా పోతుండెనా?"

"వాగు దాక పోతుండె. ఎండకాలం మీ నాయిన అక్కడ ఎడ్లను కడుగుతుండె. నువ్వు తోక వట్టుకుని నీళ్లల్ల జారినవ్ ఓసారి."

"నేనా?"

"నువ్వే. లాగు వాగుల వోయింది."

సారయ్య నవ్వాడు. వెనక సీటు ఆమె కూడా నవ్వింది.

"ఎడ్ల పేర్లేందే అవ్వా?"

"తెల్లదాని పేరు లచ్చన్న. రెండోదాని పేరు..." బక్కమ్మ ఆగింది. నోటికి వచ్చిన పేరేదో చెప్పబోయి, ఊరుకుంది. తడిసిన పొలాల గాలి మొహానికి తగులుతున్నది. కిటికీ అద్దం ఇంకాస్త పక్కకు జరిపింది.

"యాదికి లేదు బిడ్డా," అన్నది హాయిగా.