నాలుగు గదుల స్లాబు

విశ్రాంతమ్మ కడుగు నీళ్లు వంచుతూ తండా దారి వైపు చూసింది. మనిషి జాడ లేదు. స్లాబు పనికి వచ్చేవాళ్ల కోసం బియ్యం ఎసట్లో పోసి మళ్లీ చూసింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె పొట్టి మనిషి. కళ్లు పొగకు ఎర్రబడి ఉంటాయి. గరిటె తిప్పీ తిప్పీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. పోయిన వానాకాలం దాకా ఊళ్లో ఆమెను పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆ వానల్లో మట్టి ఇళ్లు కూలి నాలుగు కుటుంబాలు బడి వరండాలో చేరాయి. రెండు చర్చి పేటవి, రెండు తండావి. తడి నేల మీద పడుకున్న పిల్లలకు రోజూ అన్నం వడ్డించీ వడ్డించీ ఆమెకు వాళ్లకు ఒకే కప్పు కింద తలా ఒక గది కట్టించాలన్న పిచ్చి పట్టుకుంది. గడప గడపకూ తిరిగింది. బట్టీ అతను ఇటుకలు ఇచ్చాడు, ట్రాక్టరు వీరన్న ఇసుక తోలాడు, ఏమీ ఇవ్వలేనివాళ్లు ఒళ్లు వంచారు. "సర్పంచ్‌గ నిలవడ్తవా ఏంది?" అని ఎగతాళి చేసినవాళ్ల చేత కూడా పునాది తవ్వించింది. మహా మొండిది!

గోడలు లేచాయి. ఇవాళ స్లాబు. ములకలపల్లి నుంచి కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చి నిలబడింది. పేటవాళ్లు వచ్చారు. తండావాళ్లు రాలేదు.

"వదినా, మొదలువెడితే ఆగేది లేదు," అన్నాడు ఆంథోని మేస్త్రి. "సగంల ఆగితే అతుకు పడ్తది. ఇల్లు ఉన్నన్ని రోజులు ఆడనే కురుస్తది. మబ్బు జూసినవా?"

"ఉండు, నేను పోయొస్త."

తండా చేరేసరికి ఎడమ చెయ్యి లాగుతోంది, గుండెల్లో ఏదో బరువు. నిద్ర లేక కాబోలు అనుకుంది. తండాలో ఆడవాళ్లు కొత్త బట్టల్లో, నెత్తిన నైవేద్యాలతో బయల్దేరుతున్నారు. సీత్లా పండగ! పూజ కాకుండా ఆ తండాలో ఎవరూ పార ముట్టరు. ఏటా చూస్తున్నదే. స్లాబుకు రోజు ఖాయం చేసేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. ఛీ, నా బుద్ధి మండ, అని తిట్టుకుంది.

"జెప్పొద్దా తమ్మీ?" అని తండా పెద్ద మోతీలాల్‌ను నిలదీసింది.

అతను తల దించుకున్నాడు. "నువ్వు వాకిట్ల నిలవడి అడిగితివి అక్కా. ఇల్లు కూలిన మా ద్వాలి గది గూడ అండ్లనే ఉండె. కాదనుడు ఎట్ల? అవ్ అన్న."

"పూజ అయినంక వస్తరా?"

"వస్తం. జర ఆలస్యమైతది."

తిరుగుదారి పొడుగునా ఒకటే గుబులు. మొన్న కూడా ఇట్లాగే తలూపాడు. ఇదీ మొహమాటపు మాటే అయితే? ఇవాళ ఆపితే ఈ వానల్లో మిల్లరు మళ్లీ దొరకదు. మొదలుపెట్టాక వాళ్లు రాకపోతే ఆ పాపం నాలుగు ఇళ్ల మీదా కురుస్తుంది. దేవా, ఏదో ఒకటి చెప్పు, అనుకుంది. నడక ఆపకుండా మిల్లరు దగ్గరికి వచ్చింది.

"మొదలువెట్టు ఆంథోనీ."

"వస్తరా వాళ్లు?"

"వస్తరు," అంది.

మిల్లరు తిరిగింది. పేటవాళ్లు చాలినంత మంది లేరు. మూడో గది దాకా వచ్చేసరికి నడుములు పడిపోయాయి. ఒక చినుకు వచ్చి ఆమె ముక్కు మీద పడింది. వరుసలో ఖాళీ కనిపించగానే తనే తట్ట నెత్తికెత్తుకుంది.

"నీకెందుకత్తా, కూసో," అంది పక్కనున్న మహిమ.

వినలేదు. తట్ట దించినప్పుడల్లా తండా దారే చూసింది.

వచ్చారు! పండగ బట్టల్లోనే, ఆడా మగా పరుగు పరుగున వచ్చారు. మోతీలాల్ కొత్త చొక్కా విప్పి కంచె మీద పడేసి పార అందుకున్నాడు. అతని భార్య లాలి విశ్రాంతమ్మ నెత్తి మీది తట్ట లాక్కుంది.

"ఇగ జరుగక్కా, మేమున్నం గద!"

విశ్రాంతమ్మ జరిగింది. గోడకు ఆనుకుని కూర్చుంది. చినుకులు కాసేపు భయపెట్టి అడవి మీదికి వెళ్లిపోయాయి. నాలుగో గది చివరి మూల కూడా నిండింది.

"అతుకు లేదొదినా! ఒక్క తీరుగ వచ్చింది!" అని ఆంథోని పైనుంచి కేకేశాడు.

ఆమె పలకలేదు. లాలి చెంబుతో నీళ్లు తెచ్చి భుజం తట్టింది. మళ్లీ తట్టింది. చెంబు అక్కడే వదిలేసి గొల్లున ఏడ్చింది.

ఆమెను మంచం మీద ఇంటికి మోసుకుపోయారు. పేటవాళ్లు అలిసిన చోట తండావాళ్లు భుజం పట్టారు. గోడ పక్కన ఆమె నెత్తి నుంచి జారిన, తట్ట కింది చుట్టబట్ట ఒక్కటి మిగిలింది. పాత చీర పేలికది, సిమెంటు నీళ్లకు తడిసి ఇంకా గుండ్రంగానే ఉంది.