టేకు ఫినిష్

ఆ ఫర్నిచర్ షాపులో పనిచేసేవాళ్ళందరూ ఆయన్ని మాస్టారు అనేవాళ్ళు. ఆయన ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. షాపులో కొత్తగా చేరినవాళ్ళకి మాటలు నేర్పేవాడు, అంతే. ఏ చెక్కని ఏమని పిలవాలో, ఏ మాట గట్టిగా అనాలో, ఏ మాట అనీ అననట్టు దాటేయాలో ఆయనకి తెలిసినట్టు మరొకరికి తెలియదు. చెక్కపొట్టుని జిగురుతో కలిపి అదిమిన బోర్డుని ఆయన ఏనాడూ పొట్టు అనలేదు, "ఇంజినీర్డ్ వుడ్" అన్నాడు. ఇంజినీరు మాట వినపడగానే కొనేవాళ్ళకి కాస్త మర్యాద పుట్టుకొచ్చేది. ఆ బోర్డు మీద చెక్క గీతలు అచ్చేసిన కాగితం అంటిస్తే అది "టేకు ఫినిష్". కాగితం బదులు నిజం చెక్కనే ఉల్లిపొరలా చెక్కి అంటించారా, ఇక చెప్పక్కర్లేదు. "రియల్ వుడ్ వెనీర్" అని, ఆ "రియల్" దగ్గర కళ్ళు మూసుకుని మరీ పలికేవాడు.

ఇంత చేసినా ఆయన అబద్ధం ఆడింది లేదు. అదే ఆయన గొప్ప. "టేకు ఫినిష్ అన్నాను గానీ టేకు అన్నానా?" అని ఇంట్లో కూడా రొమ్ము విరుచుకునేవాడు.

"అననే లేదు. విన్నారు చూడండి, తప్పంతా వాళ్ళదే," అనేది ఆయన భార్య.

ఇలాంటి మనిషికి దేవుడు శిక్ష వేయడు. వియ్యపురాల్ని ఇస్తాడు. మాస్టారికి ఆర్నెల్ల కిందటే ఇచ్చాడు, పెద్దమ్మాయి పెళ్ళితో పాటు. అది శిక్షేనన్న సంగతి మాస్టారికి తెలిసింది మాత్రం ఒక సాయంత్రం కూతురు ఫోన్ చేశాకే.

"నాన్నా, రేపు మా అత్తయ్య మీ షాపుకొస్తోంది. డైనింగ్ టేబుల్ కొంటుందట."

"రమ్మను తల్లీ! మన షాపే కదా."

"అది కాదు నాన్నా. పాతది ఎందుకు మారుస్తున్నారో తెలుసా? నీళ్ళు పడ్డ చోటల్లా ఉబ్బిపోయింది. అంచులు విచ్చుకుని పొట్టు రాలుతోంది. రోజూ అన్నానికి కూర్చోగానే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే అత్తయ్య దాన్ని అమ్మినవాణ్ణి తిడుతుంది. వాడి నాలుక ఊడిపోనూ, వాడి బుగ్గలు ఇలాగే ఉబ్బిపోనూ అని."

"తిట్టదూ మరి! అలాంటి వెధవల్ని ఊరికే వదలకూడదు."

"ఇవాళ టేబుల్ కింద తుడుస్తుంటే స్టిక్కర్ కనపడింది నాన్నా. మీ షాపుదే."

మాస్టారు పైపెదవి తడుముకున్నాడు. అప్పట్లో పెళ్ళి మాటలప్పుడు వియ్యపురాలు ఆయన మొహం అదే పనిగా చూసి, "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది అన్నయ్యగారూ," అంది. "నాది అందరిలాంటి మొహమే లెండి," అని నవ్వేసి ఊరుకున్నాడు. ఆ బల్ల అమ్మిన రోజుల్లో ఆయనకి గుబురు మీసం ఉండేది, నెత్తిన జుట్టు ఉండేది. ఇప్పుడు రెండూ లేవు కాబట్టి గండం గట్టెక్కింది.

"స్టిక్కర్ ఏం చేశావు?"

"పీకి పారేశా."

"నా తల్లే!"

"నువ్వు సంబరపడిపోకు. ఈసారి కూడా పొట్టు బల్లే అంటగట్టారనుకో, మీసం ఉన్నా లేకపోయినా నువ్వు దొరికిపోతావ్. మూడు పూటలా ఆ బల్ల ముందు కూర్చోవాల్సింది నేను నాన్నా." నవ్వుతూ మొదలెట్టిన పిల్ల చివర్లో గొంతు తగ్గించింది. తన మీద తిట్లు పడితే మాస్టారు దులిపేసుకోగలడు, అవి ఆయనకి అలవాటే. తన కూతురి కంచం ముందు పడుతున్నాయంటే మాత్రం తట్టుకోలేకపోయాడు.

ఇబ్బందల్లా ఓనరుతోనే. కొనేవాళ్ళతో ఎవరు మాట్లాడుతున్నా పక్కనే నిలబడతాడు. షాపులో సరుకు బాగాలేదన్న మాట పనివాళ్ళ నోట వినబడితే చాలు, ఆ మనిషికి ఆ రోజుతో ఉద్యోగం సరి. సొంత బావమరిదితో "ఇది వద్దురా" అన్న పాపానికి పోయినేడు ఒకతను అలాగే ఇంటికెళ్ళాడు. అందుకని మాస్టారు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. భుజం మీది గుడ్డ తీసి ఆయన ఏ బల్ల తుడిస్తే ఆ బల్ల జోలికి పోకూడదు. తుడవనిదే మంచిది.

"అత్తయ్యకి ఏమని చెప్పను?"

"ఓనరు ముందు మా నాన్నకి నోరు పెగలదని చెప్పు. అది నిజమేగా."

మర్నాడు మధ్యాహ్నం వియ్యపురాలు కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ వస్తువుని కళ్ళతో చూసే మనిషి కాదు. వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి వింటుంది. ఆ పక్కన నిలబడితే మనల్ని కూడా ఒకసారి కొట్టి చూస్తుందేమో అనిపిస్తుంది. మాస్టారి వియ్యపురాలని తెలియగానే ఓనరు ఒళ్ళంతా నవ్వై ఎదురొచ్చాడు.

షాపు మొత్తానికి నిలువెల్లా టేకుతో చేసిన బల్ల ఒక్కటే ఉంది. అది మూల పడి ఉంది. దాని మీది దుమ్ముని మాస్టారు పొద్దుట్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మిగతావాటిని మాత్రం ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చాడు. వియ్యపురాలు ఒక్కొక్కటే చూసి "ఊఁ" అనుకుంటూ ముందుకి సాగింది. కోడలి మొహం కళకళలాడుతోంది.

"మీరంటే మా మాస్టారికి ఎంత గౌరవమో చూశారా మేడమ్! అద్దంలా తుడుస్తున్నాడు," అన్నాడు ఓనరు.

అలా మూల దాకా వచ్చారు. వియ్యపురాలు టేకు బల్ల మీద కణుపుతో కొట్టింది. చెవి రిక్కించింది. ఆవిడ మొహంలో మొదటిసారి మెచ్చుకోలు కనబడింది. మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఛీ ఛీ, ఇదేంటయ్యా ఇంత దుమ్ము! మేడమ్ చెయ్యి పాడవుతుంది," అంటూ ఓనరు మాస్టారి భుజం మీది గుడ్డ లాక్కున్నాడు. ఊరికే తుడిచాడా? నోటితో ఆవిరి ఊది, అంచులతో సహా, కాళ్ళతో సహా, పెళ్ళికొడుకుని తయారుచేసినంత శ్రద్ధగా తుడిచాడు.

వియ్యపురాలు కాలే పెనం మీద పడ్డట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది వద్దు," అంది. తర్వాత పక్క బల్ల చూసింది. మాస్టారి గుడ్డ ఇంకా దాని దాకా రాలేదు. "ఇది బాగుంది. ఇదే ఇచ్చేయండి."

"భలే సెలెక్షన్ మేడమ్! టేకు ఫినిష్!" అన్నాడు ఓనరు.

ఆ మాట ఇన్నేళ్ళూ మాస్టారు అనడమే గానీ తనవాళ్ళతో ఇంకొకరు అంటుంటే వినడం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది. దగ్గాడు. తల అడ్డంగా ఊపాడు. కనుబొమలు ఎగరేశాడు.

"కంట్లో ఏమైనా పడిందా అన్నయ్యగారూ?" అంది వియ్యపురాలు.

ఓనరు బిల్లు రాయమని అప్పుడే కౌంటర్ వైపు కేకేస్తున్నాడు. కూతురు పాలిపోయిన మొహంతో తండ్రినే చూస్తోంది. మాస్టారికి ఇక దారి కనబడలేదు. దభీమని మోకాళ్ళ మీద పడి ఆ బల్ల కింద దూరాడు.

"చెల్లెమ్మగారూ, ఒకసారి కిందికి రండి. కాళ్ళు ఎలా బిగించారో చూద్దురుగాని."

తనిఖీ అంటే కాదనే మనిషి కాదు ఆవిడ. హ్యాండ్‌బ్యాగు కోడలి చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ తనూ దూరింది. ఇద్దరు పెద్దమనుషులు బల్ల కింద ఎదురుబొదురుగా, మెడలు వంచుకుని కూర్చున్నారు. అవతల ఓనరు బూట్లు కనబడుతున్నాయి.

"ఇది టేకు కాదు," అన్నాడు మాస్టారు గుసగుసగా.

"మరి?"

"పొట్టు. పైన కాగితం. ఇటు చూడండి, పైన ఉన్న గీతలన్నీ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. నిజం చెక్క అయితే ఆ గీత పక్కకి దిగుతుంది, కింద కూడా కనబడుతుంది. ఇక్కడ చూడండి, వట్టి అట్టలా లేదూ? దీని మీద నీళ్ళు పడితే..."

"ఉబ్బుతుంది. నాకు తెలీదా?"

"ఆ బల్ల తుడిచింది మా ఓనరు, నేను కాదు. షాపంతటికీ నికార్సయిన టేకు అదొక్కటే."

ఆవిడ ఆ అంచుని వేలితో తడిమి చూసింది. తర్వాత అడిగింది. "పోయినసారి ఈ మాట చెప్పలేదేం అన్నయ్యగారూ?"

మాస్టారు ఉలిక్కిపడి లేవబోయాడు. తల ఠంగుమని బల్లకి తగిలింది.

"విన్నారా మేడమ్, ఆ గట్టిదనం!" అన్నాడు పైనుంచి ఓనరు.

"మీరు... గుర్తుపట్టారా?"

"మీసం తీసేస్తే మనిషి మారిపోతాడా? పెళ్ళి మాటలప్పుడు 'మా అమ్మాయి బంగారం' అన్నారు చూడండి, ఆ బంగారం దగ్గర కళ్ళు మూసుకున్నారు. నాకు బల్ల అమ్మినప్పుడూ అచ్చం అలాగే మూసుకున్నారు. ఇంటికెళ్ళి మావాడితో చెప్పా, పిల్ల కూడా ఫినిషేమో, చూసుకోరా అని."

మాస్టారు మెడ ఇంకా కిందికి వంచాడు.

"కాదులెండి," అంది ఆవిడ. "పిల్ల నిలువెల్లా మంచిది. ఆ విషయంలో మీరు నిజమే చెప్పారు."

మాస్టారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బల్ల కింద తుడుచుకోవడానికి చెయ్యి కూడా సరిగ్గా పైకి లేవలేదు. "మరి రోజూ ఆ తిట్లు..."

"మీకే. మీ అమ్మాయి ఫోన్లో చెబితే మీకు చేరాలనే గట్టిగా తిట్టేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి చెప్పుకుంటారనుకున్నా. మీరు రాలేదు. నిన్న మీ అమ్మాయి బల్ల కింద దూరి స్టిక్కర్ గోళ్ళతో గీకుతుంటే చూశాను అన్నయ్యగారూ. తన ఇంట్లో తనే దొంగలా. ఎవరి కోసం గీకిందది?"

ఇన్నేళ్ళుగా ప్రతి ప్రశ్నకీ ఆయన దగ్గర ఒక మాట ఉండేది. ఈసారి దాన్ని బయటికి తీయలేదు. "తప్పయిపోయింది చెల్లెమ్మా," అన్నాడు.

"ఊఁ," అంది ఆవిడ. మొదటి ముద్దకి ముందు తిట్టే కోపం కొంచెం దిగినట్టే ఉంది.

"ఇంత తెలిసీ మళ్ళీ నా దగ్గరికే వచ్చారేం? బయట ఇన్ని షాపులున్నాయి కదా."

"ఆ షాపుల్లో వాళ్ళకి నేనంటే భయమేముంటుంది?"

అంతలో ఓనరు మొహం తలకిందులుగా వేలాడుతూ కనబడింది. "అంతా ఓకేనా మేడమ్?"

"ఓకే. ఆ మూలది ఇవ్వండి, మీరు తుడిచారే, అది," అంటూ ఆవిడ బల్ల అంచు పట్టుకుని పైకి లేచింది. ఏం జరిగిందో అర్థంకాక కోడలు నిలబడిపోతే, "పద, వెళ్దాం. ఇక ఎక్కడా గీకక్కర్లేదు," అని దాని జబ్బ పట్టుకుని నడిచింది.

వాళ్ళు వెళ్ళాక ఓనరు మాస్టారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ టేకు బల్ల కొనేవాడు లేక ఇంటికి పట్టుకుపోదామనుకుంటున్నానయ్యా. బల్ల కింద ఏం చెప్పావు?"

"నిజం చెప్పాను సార్."

ఓనరు చేతిలోని బిల్లు ఒకసారి చూసుకున్నాడు. "మంచి టెక్నిక్కే," అన్నాడు. "కాస్త పొదుపుగా వాడు."

ఇంకా మాట పూర్తికాకముందే తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది, వెనకాల ఎదిగిన కొడుకు. ఆవిడ నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి తలుపు నిమిరింది. "ఇది టేకేనా అండీ?"

ఓనరు చేతులు నలుపుకుంటూ మాస్టారి పక్కనే నిలబడ్డాడు. అలవాటైన మాట మాస్టారి నాలుక చివరి దాకా వచ్చేసింది. అంతలో ఆ కుర్రాడు వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి, "ముందు కూర్చోమ్మా, మెట్లెక్కి వచ్చావు," అని తల్లిని కూర్చోబెట్టాడు. ఆవిడ చేతిలో సంచి తను పట్టుకున్నాడు. మాస్టారు ఆ కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. ఆయన రెండో అమ్మాయి డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది.

"కాదమ్మా, పొట్టు," అన్నాడు, ఓనరు ఉలిక్కిపడేంత గట్టిగా. "పైన కాగితం అంటించారు. ఇంతకీ, అబ్బాయి ఏం చేస్తుంటాడు?"