చేతులు వెనక్కి కట్టుకుని

మళ్ళీ ఆ ఫైలే తెరవాలి, ఇంకోటి తెరిస్తే లాభం లేదు, అనుకుంటూనే ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది, ఆసుపత్రి టైపింగ్ సెక్షన్లో ఇరవై ఏళ్ళు వేళ్ళు అరగదీసుకుని ఈమధ్యే కంప్యూటర్ సెక్షన్‌కి మారిన మనిషి, ఏ ఫైలైనా సేవ్ కొట్టాకే మూయడం ఊపిరంత అలవాటు, పోయిన వారం ఆ అలవాటే కొంప ముంచింది, ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో సర్వర్‌ని నడిపే లైనక్స్‌కి చెప్పే ఫైలది, రూట్‌గా, అంటే సర్వాధికారాలతో లాగిన్ అయి ఊరికే చూద్దామని తెరిచింది, ఏ వేలు ఏ అక్షరాన్ని తాకిందో ఏమో, సేవ్ కొట్టి మూసేసింది, మర్నాడు రీస్టార్ట్ చేస్తే సర్వర్ లేవనంటే లేవనంది, రిపోర్టుల కోసం జనం కౌంటర్ దగ్గర బారులు తీరారు, అప్పట్నుంచి ఏ ఫైలు తెరవాలన్నా భయమే, సిస్టమ్స్ ఇంజనీరు అరవలేదు, అరిచినా బాగుండేది, చూడండి మేడమ్, రూట్ పాస్‌వర్డ్ మార్చేశాను, మీ పేరుతో లాగిన్ అయి ఏదైనా చూసుకోండి, శుక్రవారానికి కూడా భయం పోకపోతే మిమ్మల్ని పాత సెక్షన్‌కే పంపాల్సి వస్తుంది, అన్నాడంతే, ఇవాళే శుక్రవారం, ఆ సెక్షన్లో ఇప్పుడు టైపు చేయించుకునేవాళ్ళే లేరు, వెళ్తే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి, వెళ్ళను గాక వెళ్ళను.

తన పేరుతో లాగిన్ అయి ఈటీసీ ఫోల్డర్‌లోకి దిగింది, సిస్టమ్ సెట్టింగులన్నీ ఇక్కడే కాపురం, ముందు ధైర్యానికి యూజర్ల పేర్లున్న ఫైలు నొక్కితే తెరుచుకుంది, చివరి వరుసలో తన పేరు, అమ్మయ్య, మనమూ ఈ ఇంట్లో వాళ్ళమే, పాస్‌వర్డ్‌లు దాచిన ఫైలు మాత్రం అనుమతి లేదు పొమ్మంది, చెంప ఛెళ్ళుమన్నట్టయింది, చిన్నప్పుడు గాజు సామాన్ల కొట్లో కూతురు ఇలాగే మూతి ముడిచింది, ముట్టుకోనివ్వవేంటమ్మా అని, చేతులు వెనక్కి కట్టుకుని చూడవే తల్లీ, నీ ఇష్టం వచ్చినంతసేపు చూడు, అంటే ఆ పిల్ల కొట్టంతా చుట్టబెట్టి వచ్చింది, ఒక్క గ్లాసు పగల్లేదు, ఆగు, ఏమనుకున్నాను, ఒక్క గ్లాసూ పగల్లేదు.

ఆ ఫైలు తెరిచింది, తన కొంప ముంచిన ఫైలే, కావాలనే ఒక అక్షరం కొట్టింది, సేవ్ కొట్టింది, అనుమతి లేదు, మళ్ళీ కొట్టింది, అనుమతి లేదు, నవ్వొచ్చింది, కొట్టుకోవే పిచ్చి వేలూ ఎంతసేపు కొట్టుకుంటావో, ఏంటి మేడమ్ ఒక్కరే నవ్వుకుంటున్నారు, తలుపు దగ్గర ఇంజనీరు, భయం పోయిందా, మళ్ళీ రూట్ పాస్‌వర్డ్ ఇవ్వమంటారా, లేక పాత సెక్షన్‌కి వెళ్తారా, అన్నాడు, రెండూ వద్దు సార్, ఇంకా సగం కూడా చూడలేదు, అంది, తన గొంతేనా ఇది, ఆయన, సరే, సోమవారం కూడా ఇక్కడికే వచ్చేయండి, అని వెళ్ళిపోయాడు, ఆమె ఇంకో ఫైలు తెరిచింది, అనుమతి లేదు, లేకపోతే పోనీ, అది మేడ మీది పిట్టగోడ, అది ఉంది కాబట్టే అంచుదాకా రాగలిగింది, దాని మీద మోచేతులు ఆనించి ఎంతసేపైనా చూడొచ్చు.