చెట్లు దాటాలంటే

నిరుడు జనవరిలో కాలిన్ ట్రెవాస్కిస్ విమానం ఇద్దరిని ఎక్కించుకుని రన్‌వే చివరి చెట్లు దాటేలా కనబడలేదు. అక్కడ జనవరి అంటే నడివేసవి, ఎండకి గాలి పలచబడింది. సగం దూరం పరిగెత్తాక సంగతి అర్థమై అతను బ్రేకులు తొక్కాడు. పక్క సీట్లోంచి భార్య ఐల్సా దిగి, తలుపు మూసి, "ఇది చెట్ల పైకి ఎక్కగలిగిననాడు నేనూ ఎక్కుతాలే" అంది. మళ్ళీ ఎక్కలేదు.

విమానాన్ని అతనే ఇంటి వెనక షెడ్డులో కట్టుకున్నాడు. ఒక్కడే ఎగిరితే ఏ చిక్కూ లేదు. ఒక్కడి కోసమే అయితే రెండో సీటు పెట్టేవాడే కాదు.

ఇంజన్ పాత కారులోది. పిస్టన్లు ఉండవు, మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. ఈ ఏడాది దానికి ఆ కారు టర్బోనే తగిలించాడు. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్‌లోకి గాలి కూరుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ.

"అది లారీని దాటెయ్యడానికి పెట్టిన సరుకురా" అని ఎయిర్‌స్ట్రిప్‌లో పక్క షెడ్డు డెస్ ఫిట్స్‌నర్ ముందే అన్నాడు. "కారులో కాసేపు పనిచేసి పడుకుంటుంది. నువ్వు దాన్ని నిద్రపోనివ్వవు."

"ముందు నీ విమానాన్ని ఎగరనియ్యిరా. పదేళ్లుగా దానికి రంగులే వేస్తున్నావు" అన్నాడు కాలిన్.

ఆ ఎయిర్‌స్ట్రిప్‌లో ఒక రివాజు ఉంది. ఇంజన్‌లో ఏం మార్చినా సరే, విమానం తోకని ట్రాక్టర్‌కి గొలుసుతో కట్టి, పోసిన పెట్రోలు అయ్యేదాకా పూర్తి బలంతో నడపాలి. దాన్లో ఎవరు ప్రయాణం చేస్తారో వాళ్లు పక్కన కూర్చోవాలి. శనివారం ఐల్సా ఇంటి నుంచి దిండు తెచ్చుకుని కూర్చుంది. డెస్ మంటలార్పే సిలిండర్ పట్టుకుని రెక్క వెనక నిలబడ్డాడు.

కాలిన్ ఇంజన్ బలం పెంచే థ్రాటిల్ పిడిని ముందుకు తోశాడు. గొలుసు బిగిసింది. పొగ వేడి చూపే ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి థ్రాటిల్‌ని కాస్త వెనక్కి లాగింది. ముల్లు దిగాక మళ్ళీ తోశాడు. మళ్ళీ లాగాడు.

"ఎందుకు తగ్గిస్తున్నావ్?" హెడ్‌ఫోన్‌లో ఐల్సా గొంతు.

"కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"చెట్ల మీదున్నప్పుడు కూడా పీల్చుకోనిస్తావా?"

ఆమె తన చెయ్యి అతని చెయ్యి మీద పెట్టి, థ్రాటిల్‌ని ముందుకు తోసి, అక్కడే ఉంచింది. ముల్లు ఎర్ర గీత దాటింది. కాలిన్ చెయ్యి వెనక్కి రాబోయింది. ఆమె రానివ్వలేదు.

కొంతసేపటికి ఒక కీచు, వెంటనే రేకు చిరిగిన చప్పుడు. వెనక తెల్లపొగ లేచింది. ఇంజన్ బలం తగ్గింది గానీ ఆగలేదు. కాలిన్ స్విచ్చి కట్టేశాడు. డెస్ సిలిండర్‌తో పరిగెత్తుకొచ్చాడు, మంట లేదు.

ఇంజన్ మూత విప్పి చూశారు. టర్బో ఇరుసు విరిగింది. చక్రానికుండే చిన్న రెక్కలు ఊడి ఎగిరిపోయాయి.

"రెక్కలు కావాలంటే ఆ పక్క చేలో గోధుమ మోళ్ల మధ్య ఏరుకోరా" అన్నాడు డెస్. తర్వాత మిత్రుడి మొహం చూసి, ఫ్లాస్కులోంచి టీ వంచి అతని చేతికిచ్చాడు.

కాలిన్ చక్రం చేతిలో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "ఇది విరుగుతుందని నాకు తెలుసు ఐల్సా. అందుకే తగ్గిస్తూ వచ్చాను. డెస్ చెప్పినప్పుడే తెలుసు." భార్య వైపు చూడలేదు. "ఇంక నువ్వు ఎక్కవు."

"తెలిసీ నన్ను కూర్చోబెట్టావన్నమాట."

"ఔను."

ఆమె దిండు దులిపింది. "అది విరిగినా ఇంజన్ ఆగలేదు. అది చూశా. వేడిని తట్టుకునే పెద్ద టర్బో తెచ్చి పెట్టు. మళ్ళీ ట్రాక్టర్‌కి కట్టేద్దాం. ఈసారి థ్రాటిల్ నేను పడతా."

"నిజంగా కూర్చుంటావా?"

"దిండు ఎత్తు చాలట్లేదు. ముందు ఏముందో కనబడి చావట్లేదు" అంది ఐల్సా. "ఇంకొంచెం దూది కూరి తెస్తా."