ఉప్పు కుదిరిన రోజు

“ఇవాళ ఉప్పు సరిగ్గా పడింది,” అన్నాడు మా ఆయన రుస్దీ, కాల్చిన కోడి మీది కొబ్బరిపాల గుజ్జు వేలితో నాకి.

పక్కన కూర్చున్న ఆయన తమ్ముడు దిన్ వెంటనే అందుకున్నాడు. “అయితే వదినకి సెలవొచ్చిందన్నమాట!”

ఇద్దరూ నవ్వారు. మా అత్తగారు, మెక్ అంటాం ఆవిణ్ణి, తల వంచుకుని ఖర్జూరంలోంచి గింజ తీస్తోంది. నా కూతురు అతీరా అందరి ముఖాలూ చూసి, ఎందుకో తెలియకపోయినా తనూ కొంచెం నవ్వింది. ఉపవాసం విడిచే అజాన్ అయి ఇంకా ఎంతోసేపు కాలేదు. నా గ్లాసులో నీళ్ళు నేను సగమే తాగాను. మిగతా సగం అలాగే పక్కన పెట్టేశాను.

సెలవంటే మా ఆడవాళ్ళ మాట. నెలసరి వస్తే అల్లా సెలవిచ్చాడంటాం. ఆ రోజుల్లో ఉపవాసం ఉండకూడదు. రంజాన్ నెలలో మిగతా రోజులన్నీ వాసన చూసి వండాల్సిందే. నాలుక చివర అద్దుకుని ఉమ్మెయ్యొచ్చని పెద్దలే చెబుతారు గాని మెక్ ఒప్పుకోదు. అందుకే నా వంటలో ఉప్పు ఓ రోజు ఎక్కువ, ఓ రోజు తక్కువ. సెలవు రోజుల్లోనే రుచి చూస్తాను, అప్పుడే కుదురుతుంది. ఉప్పు కుదిరిందంటే నా ఒంట్లో సంగతి బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళందరికీ తెలిసిపోతుంది.

సెలవు అల్లా ఇచ్చాడు. ఈ ఇల్లు మాత్రం ఇవ్వలేదు. తెల్లవారకముందు లేచి వాళ్ళకి అన్నం వడ్డించడం అదే, మధ్యాహ్నం కొబ్బరి కోరి పాలు పిండడం అదే, సాయంత్రం ఇరుగుపొరుగుకి పిండివంటలు పంచడం అదే. నడుము లాగుతుంటే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని అకోక్ అనే పిండివంట కాలుస్తాను. బాతుగుడ్లు, తాటిబెల్లం, కొబ్బరిపాలు కలిపి ఇత్తడి అచ్చులో పోసి, కిందా పైనా కొబ్బరిపీచు నిప్పులు పెట్టాలి. కన్ను పక్కకి తిప్పితే మాడిపోతుంది. ఇంత చేసి నేను తినేది స్నానాల గదిలో. పెళ్ళయిన మొదటి రంజాన్‌లో మెక్ చెప్పింది: “మగాళ్ళ కంట పడకమ్మా. వాళ్ళు ఆకలితో ఉంటారు, ఎదురుగా నమిలితే మర్యాద కాదు.” సరే అన్నాను. ఆకలి నాకూ తెలుసు. కుళాయి తిప్పుకుని, తలుపుకి వీపు ఆనించి, గిన్నెలో చల్లన్నం నాలుగు ముద్దలు. సబ్బు వాసన కలిసిన అన్నం. పోయినేడు దిన్‌కి కడుపులో పుండు లేచింది. డాక్టరు ఉపవాసం వద్దన్నాడు. మధ్యాహ్నం ముందుగది బల్ల దగ్గరే అతనికి వేడన్నం వడ్డించాను. “పాపం, జబ్బు మనిషి,” అంది మెక్. రుస్దీ అతని ఎదురుగా కూర్చుని పేపరు చదువుకున్నాడు. ఎవరి ఆకలికీ మర్యాద తగ్గలేదు. ఆ రోజు నేను ఏమీ అనలేదు. అనాలని కూడా తోచలేదు. అది గుర్తొస్తేనే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు శుక్రవారం. మగవాళ్ళు మసీదుకి వెళ్ళారు. శంఖుపూల నీళ్ళతో నీలం అన్నం వార్చి, అందులో కలిపే ఆకులు సన్నగా తరుగుతున్నాను. అతీరా వచ్చి నా వెనక నిలబడింది. తిరిగి చూస్తే లంగాని వెనకవైపు చేత్తో పట్టుకుని ఉంది.

“నాకూ వచ్చిందమ్మా.”

శుభ్రం చేసి, బట్ట మార్పించి, నుదుటి మీద చెయ్యి వేశాను. తెల్లవారినప్పటి నుంచి ఉపవాసం ఉన్న పిల్ల, ముఖం వాడిపోయింది.

సంగతి విని మెక్ గుమ్మంలోకి వచ్చింది. “వాళ్ళొచ్చేలోపు దానికింత పెట్టు. స్నానాల గదిలోకి తీసుకెళ్ళు. కుళాయి తిప్పుకోమను.”

అతీరా నా వైపు చూసింది. “నువ్వు అందులో అన్నం తినేదానివా?”

“మరేమనుకున్నావే?”

“కుళాయి అంతసేపు పారుతుంటే... ఏడుస్తున్నావనుకునేదాన్ని.”

నా చేతిలో కత్తి ఆగిపోయింది. చిన్నప్పుడు ఇది ఆ తలుపు బయట కూర్చుని ఉండేది. ఎందుకే ఇక్కడ అంటే, ఊరికే అనేది. నాకు కాపలా కాసేదన్నమాట.

రెండు కంచాలు తీసి ముందుగది బల్ల మీద పెట్టాను. నీలం అన్నం, పైన ఆకులు, వేయించిన కొబ్బరి, పులియబెట్టిన చేపల ఊట రెండు చెంచాలు. మూకుడు పెట్టి చేప అప్పడాలు కూడా వేయించాను. ఆ అన్నానికి అప్పడం లేకపోతే రుచే లేదు. కానీ దాక్కుని తినేవాళ్ళు అప్పడం తినలేరు. వినపడుతుంది.

“కూర్చో.”

“ఇక్కడా? నాన్న వస్తాడమ్మా.”

“రానీ.”

అతీరా అప్పడం పెదాల మధ్య పెట్టుకుని మెత్తబడేదాకా నానబెట్టబోయింది.

“కొరుకు,” అన్నాను.

“చప్పుడవుతుంది.”

“అవనీ.”

కొరికింది. నేనూ కొరికాను. గుమ్మంలో చెప్పులు విడిచిన శబ్దం. రుస్దీ లోపలికి వచ్చి, టోపీ తియ్యబోయి ఆగిపోయాడు. వెనకాలే దిన్.

“ఏంటిది, పట్టపగలు? బల్ల మీద?”

“అన్నం తింటున్నాం,” అన్నాను. “అతీరా కూడా ఇక నాలాగే.”

దిన్ నేల చూశాడు. రుస్దీ చెవులు ఎర్రబడ్డాయి. తల్లి వైపు తిరిగాడు. “మెక్, చూడు వీళ్ళని!”

మెక్ మా కంచాల వైపు చూసింది. ఆవిడ ఒక్క మాటంటే పిల్ల కంచం వదిలి లేస్తుందని నాకు తెలుసు.

“నేను బావి వెనక తినేదాన్ని రా,” అంది మెక్. “నువ్వు అప్పుడు నా చంకలో ఉండేవాడివి. వర్షం పడితే అన్నం మీదకి వంగి తినేదాన్ని.”

రుస్దీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“వంటింట్లో కొబ్బరికాయ ఉంది,” అని మళ్ళీ అంది ఆవిడ రుస్దీతో. “పోయి కోరు. వాళ్ళు తినేదాకా ఆగితే పొద్దుపోతుంది.”

రుస్దీ వెంటనే కదల్లేదు. నేను లేవలేదు. ఇంకో అప్పడం విరిచి, పెద్ద ముక్క అతీరా కంచంలో వేశాను.